ఏనుగు పక్కన చీమ

ఉస్తాద్ పోయారు. ఆ మాట మా తమ్ముడు ఫోన్లో చెప్పినప్పుడు నేను సికింద్రాబాద్ స్టేషన్లో ఎంఎంటీఎస్ కోసం నిలబడి ఉన్నాను. "అక్కా, ఉస్తాద్ పోయారే. తాలీంఖానాలో మట్టి తవ్వుతా తవ్వుతా అలగే కూలబడిపోయారట. నువ్వు బేగి వచ్చీ" అన్నాడు. వాడు ఏడుస్తున్నాడు. నాకు మాత్రం ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ వయసులో పార పట్టుకోవద్దని ఇంట్లో అందరం మొత్తుకున్నాం. ఒకరు చెప్తే వినే మనిషైతే ఆయన ఉస్తాద్ ఎందుకవుతారు? రైలు వచ్చి వెళ్ళిపోయింది. నేను బయటికొచ్చి ఆటో ఎక్కి బన్సీలాల్‌పేట్ పొమ్మన్నాను.

గల్లీ నిండా జనం. అప్పటికే ఆయన్ని, ఆయన కుస్తీ నేర్పే తాలీంఖానా గుమ్మంలో పడుకోబెట్టారు. అరుగు మీద ఎవరో కొత్తావిడ వాచిన మణికట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పొద్దున్నే జారిపడి ఆయన చేత కట్టు కట్టించుకుందామని వచ్చిందట. వచ్చేసరికి ఇదీ సంగతి. చేతి నొప్పికి ఏడుస్తోందో, ఆయన కోసం ఏడుస్తోందో ఆమెకే తెలియడం లేదు. ఆమెను చూశాకే నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు శాంతమూర్తి, అజాతశత్రువు అని మొదలుపెట్టడం మనకు అలవాటు. ఉస్తాద్ గురించి అలా రాస్తే ఆ గల్లీ మొత్తం పడీ పడీ నవ్వుతుంది. ఆయన కొట్టేవారు. చేతికి ఏది దొరికితే దానితో కొట్టేవారు. తాలీంఖానాలో పట్టు తప్పుగా పట్టినవాడిని కొట్టేవారు, సరిగ్గా పట్టి గర్వపడినవాడిని ఇంకాస్త గట్టిగా కొట్టేవారు. కుస్తీ మట్టి మీద ఎవరో బైకు పెడితే, తీయమని ఒక్కసారి అరిచి, రెండోసారి అరవడానికి ఓపిక లేక, కసరత్తుకు తిప్పే ముగ్దర్ దుంగ ఎత్తి దాని ముఖం పచ్చడి చేశారు. ఆ బైకు తాలూకు మనిషి కొట్లాటకు వచ్చి, ఆయన్ని చూసి, బైకును తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

హైదరాబాద్ వైపు పహిల్వాన్లకు ఇంకో పని కూడా ఉంటుంది. విరిగిన ఎముకలు కూర్చి కట్లు కడతారు. ఉస్తాద్ దగ్గరికి పొద్దున్నే కాళ్ళూ చేతులూ పట్టుకుని జనం వచ్చేవారు. ఆయన పద్ధతి ఒకటుండేది. తప్పిన కీలును రెండు చేతులతో పట్టుకుని, ముఖంలోకి చూసి, "ఏం కూర తిన్నవ్ పొద్దుగాల?" అని అడిగేవారు. ఎంతటివాడైనా ఆ ప్రశ్నకు ఒక క్షణం ఆలోచనలో పడతాడు. "బెండ..." అనేలోపు లోపల టక్కుమనేది. 'కాయ' అన్న ముక్క అరుపులో కలిసిపోయేది. అరిచినందుకు నెత్తిన ఒకటి మొట్టేవారు. ఒకసారి ఒకడు భార్యను కొట్టి చెయ్యి బెణికించుకుని వచ్చాడు. సంగతి కట్టు కట్టాక తెలిసింది. ఉస్తాద్ ఆ కట్టు విప్పి, బాగుచేసిన చేతిని మళ్ళీ బెణికించి పంపారు. "దెబ్బ కొట్టేటోనికి కట్టు కట్టుడు రావాలె. రాకపోతె కొట్టొద్దు" అనేవారు. ఇది ఆయన తరచూ అనే మాట. ఆయనకు రెండూ వచ్చు కాబట్టి తనకు అడ్డు లేదని ఆయన ఉద్దేశం.

మేము అక్కాతమ్ముళ్ళం శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఆయన ఇంటి పైభాగంలో అద్దెకు దిగాం. ఇప్పుడు కాప్రాలో ఉంటున్నాం గానీ మాకు ఈ ఊరు తెలిసింది ఆ మేడ మీది నుంచే. నాది బళ్ళకు మీటర్లు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. స్పీడు చూపించే ముల్లు ఎప్పుడు, ఎంత, ఎటు కదలాలో ప్రోగ్రాం రాయడం నా పని. తమ్ముడిది ఉద్యోగం కాదు, పిచ్చి. జాతరలకు, ఎగ్జిబిషన్లకు ఆట మిషన్లు చేసి పెడతాడు. ఉస్తాద్ నన్ను బిడ్డా అనేవారు. వాడిని మాత్రం పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు. వాడు ఆయనకు 'శ్రీకాకుళం'. "ఓ శ్రీకాకుళం, దిగురా కిందికి!" అని అరిస్తే మా గిన్నెలు కదిలేవి.

ఒక ఏడాది బోనాలకు తమ్ముడు గుద్దుడు మిషన్ చేస్తానన్నాడు. మెత్త మీద పిడికిలితో గుద్దితే, పైనున్న గుండ్రటి డయల్ మీద ముల్లు తిరిగి ఎవడి బలమెంతో చూపించాలి. అంకెలు వద్దని వాడే బొమ్మలు వేశాడు. చీమ, ఎలుక, పిల్లి, మేక, ఎద్దు, పులి, ఏనుగు. ఇలాంటి డయల్‌కు మొదటికీ చివరికీ మధ్య కొంత ఖాళీ వదులుతారు. మా వాడూ వదిలాడు. ఉస్తాద్ నడుం మీద చేతులు పెట్టుకుని చూశారు.

"గీ సందేందిరా? పన్నూడిన నోరు లెక్కుంది. నిండ గియ్."

వాడు నిండా గీశాడు. అలా ఏనుగు తోక పక్కనే చీమ వచ్చి కూర్చుంది.

తర్వాత ఏనుగు బలమెంతో తేల్చాలి. ఆ మాట ఎత్తగానే ఉస్తాద్ అరచేతిలో ఉమ్మి, చేతులు రుద్దుకుని, ఒక్కటి గుద్దారు. మెత్త కుట్లు తెగి దూది బయటికొచ్చింది. డెబ్బై దాటిన మనిషి! "గిదే ఏనుగు. దీన్ని దాటేటోడు ఈడ ఇంక పుట్టలే" అన్నారు. తమ్ముడు నా వంక చూశాడు, నేను వాడి వంక చూశాను. పైన ఇంకాస్త జాగా ఉంచుదామండీ అని ఎవరో ఒకరు అనాలి. ఆ ఇంట్లో అనేవాళ్ళెవరు? ఆయన గుద్దు ఎంతో అంతే డయల్ పూర్తి చుట్టు అని రాసేశాను. ఆయన శిష్యులందరి చేతా గుద్దించారు. ఒక్కొక్కడూ ఆయన కాళ్ళకు దండం పెట్టి గుద్దాడు. కొందరు ఎద్దు దగ్గర ఆగారు, కొందరు పులి దగ్గర. ఏనుగు ముట్టినవాడు లేడు. కొలత చక్కగా కుదిరిందని మేం సంబరపడ్డాం.

ముల్లుతో తలనొప్పి వేరే వచ్చింది. చుట్టులో డిగ్రీలు మూడువందల అరవై. చీమ సున్నా దగ్గరుంది, ఏనుగు చివర మూడువందల యాభై తొమ్మిది దగ్గరుంది. కంటికి ఇద్దరూ పక్కపక్క ఇళ్ళవాళ్ళు. ప్రోగ్రాంకు మాత్రం ఇద్దరూ చెరో ఊరి చివర. పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు పోవాలంటే వెనక్కి నడవడం ఒక్కటే దానికి తెలుసు. ఏనుగు దగ్గరున్న ముల్లును చీమ దగ్గరికి రమ్మంటే, ఒక్క అడుగు ముందుకు వేయక, పులినీ ఎద్దునూ మేకనూ అందరినీ వెనక్కి చుట్టుకుంటూ విసురుగా వచ్చింది. రేకు ముల్లు అది, కత్తిలా ఉంటుంది. డయల్ తుడుస్తున్న తమ్ముడి చేతి వేళ్ళ మీద చరుచుకుంటూ పోయింది. పిల్లి బొమ్మ నిండా రక్తం. ఉస్తాద్ పరుగెత్తుకొచ్చి వాడి చేతికి గుడ్డ చుట్టి, నా మీద విరుచుకుపడ్డారు.

"పక్కింటికి పోనీకె షహరంత తిరుగుతదా నీ ముల్లు? గిదేం చదువు బిడ్డా?"

దానికి మందు తేలికే. రెండు బిందువుల మధ్య ముందు వైపు ఎంత దూరం, వెనక వైపు ఎంత దూరం అని చూసి, ఏది దగ్గరైతే అటు నడవమని రాశాను. అంకె చుట్టు దాటితే అందులోంచి ఒక చుట్టు కొట్టేసి మిగిలింది మాత్రమే ఉంచుకోమని ఇంకో వాక్యం పెట్టాను. మూడువందల ఎనభై వస్తే ఇరవై అన్నమాట. ముల్లుకు తెలిసింది ఒక చుట్టే కదా. నా పనిలో ఉన్నవాళ్ళందరూ నిద్రలో కూడా రాసే వాక్యం అది.

ఇక్కడ యాదగిరి గురించి చెప్పాలి. ఉస్తాద్ పెద్ద శిష్యుడు. తాలీంఖానా మట్టిలో పెరిగినవాడు. ఉస్తాద్ ఎవరి గురించైనా గొప్పగా మాట్లాడారంటే వాడి గురించే. అలాంటివాడు కాప్రా చెరువు పక్క భూములు కాజేసేవాళ్ళ దగ్గర కొట్టే పనికి కుదిరాడు. మేం మిషన్ మొదలుపెట్టక ముందే ఒక రోజు, ఆ భూముల దగ్గర కాలు విరిగిన కాపలాదారు ఒకతన్ని ఆటోలో ఉస్తాద్ దగ్గరికి తీసుకొచ్చారు. ఆయన కట్టు కడుతూ ఎవరు కొట్టారని అడిగారు. అతను భయపడుతూ భయపడుతూ యాదగిరి పేరు చెప్పాడు. ఉస్తాద్ ఆ కట్టు పూర్తిచేశారు. తర్వాత యాదగిరిని పిలిపించి, గుంజకు ఆనించి, తోలు పట్టాతో కొట్టారు. ఒళ్ళంతా చిట్లింది. వాడు ఒక్క చెయ్యి అడ్డం పెట్టలేదు. చివరికి వాడి లంగోటు తీసి గల్లీలో పారేశారు. ఆ తాలీంఖానాలో దానికి అర్థం ఒక్కటే, ఇంక నువ్వు మా మట్టి తొక్కొద్దని. ఆ రోజు ఆయన అన్నం తినలేదు. మర్నాడు కారణం లేకుండా నలుగురిని కొట్టారు.

బోనాల రోజు మధ్యాహ్నం మిషన్ తాలీంఖానా ఎదురుగా పెట్టాం. డప్పులు చెవులు చిల్లులు పడేట్టు మోగుతున్నాయి. ఉస్తాద్ లోపల ఎవరిదో కాలు సవరిస్తున్నారు. యాదగిరి వచ్చాడు. తాగి ఉన్నాడు. లోపలికి పోవడానికి మొహం చెల్లదు, వెళ్ళిపోవడానికి కాళ్ళు రావు. మిషన్ ముందు ఆగి, ఏనుగు బొమ్మ కేసి చూసి, "గిది ఉస్తాద్ గుద్దా?" అని తమ్ముడిని అడిగాడు. అవునన్నాడు వాడు. యాదగిరి చొక్కా చేతులు మడిచి గుద్దాడు. మిషన్ నిలువునా ఊగింది. కింద రాయి కదిలింది.

ముల్లు కదిలీ కదలనట్టు కదిలి, చీమ మీద ఆగింది.

జనం గొల్లుమన్నారు. "చీమ పహిల్వాన్!" అని ఎవడో అరిచాడు. యాదగిరి మళ్ళీ గుద్దాడు, ఈసారి కేక పెట్టి గుద్దాడు. మళ్ళీ చీమే. ఆడవాళ్ళూ పిల్లలూ అందరూ నవ్వుతున్నారు. వాడి మొహం నల్లబడిపోయింది. తమ్ముడి కాలరు పట్టుకున్నాడు.

"ఉస్తాద్ జెప్పి పెట్టిండు గదరా? యాదగిరి వస్తె చీమ సూపెట్టుమని జెప్పిండా లేదా?"

"లేదన్నా, దీనికి మనుషుల్ని గుర్తుపట్టడం రాదన్నా. ఏటో తేడా..."

మాట పూర్తికాలేదు. తమ్ముడి తల పట్టుకుని డయల్‌కేసి కొట్టాడు. రేకు లోపలికి పోయింది. మళ్ళీ కొట్టాడు. వాడి నోట్లోంచి రక్తం, దానితోపాటు ఒక పన్ను. నేను స్టూలు ఎత్తి యాదగిరి వీపు మీద వేశాను. వాడికి అది దోమ వాలినట్టయినా లేదు. భుజం కొరికాను. విదిలిస్తే పోయి అరుగుకు కొట్టుకున్నాను. వాడు మిషన్‌కు ఉన్న ఇనుప గొట్టం పీకి, కింద పడి ఉన్న మా తమ్ముడి నెత్తి మీదికి ఎత్తాడు. డప్పులు మోగుతూనే ఉన్నాయి. నా నోరు తెరుచుకుంది గానీ అరుపు వినపడలేదు.

ఉస్తాద్ ఎప్పుడు వచ్చారో చూడలేదు. గొట్టం పైకి లేచింది గానీ కిందికి రాలేదు. ఆ చేతిని ఆయన తన భుజం మీదికి లాక్కుని, రెండు చేతులతో కిందికి అదిమారు. చెరుకు గడ విరిచినట్టు చప్పుడైంది. యాదగిరి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చెయ్యి మోచేతికీ మణికట్టుకూ మధ్య, వంగకూడని చోట వంగిపోయి ఉంది. ఉస్తాద్ అంతటితో ఆగలేదు. ఎడాపెడా చెంపలు వాయించారు. ఆపడానికి వచ్చినవాళ్ళకూ పడ్డాయి. తర్వాత తమ్ముడి దగ్గరికి వచ్చి, దవడ ఒత్తి చూసి, "ఇరగలే. లే" అని, వాడిని లేపి నా ఒళ్ళో కూర్చోబెట్టారు.

ఆ తర్వాత ఆయన చేసిన పనికి నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా వెళ్ళి యాదగిరి ముందు మట్టిలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, తాను విరిచిన చేతినే ఒళ్ళోకి తీసుకున్నారు.

"ఏం కూర తిన్నవ్ పొద్దుగాల?"

యాదగిరి వెక్కుతున్నాడు. "ఏం తినలే ఉస్తాద్. నిన్నటిసంది ఏం తినలే."

ఆయన చేతులు ఆగిపోయాయి. ఆ ప్రశ్నకు అలాంటి జవాబు ఎప్పుడూ విని ఉండరు. కాసేపు వాడి మొహంలోకి చూసి, తల తిప్పుకుని, ఎముకను లాగి కూర్చారు. యాదగిరి పెట్టిన కేక డప్పులను మించి వినిపించింది. తాత్కాలికంగా బద్దలు వేసి కట్టి, ఆస్పత్రికి తీసుకుపోయి పిండికట్టు వేయించమని శిష్యులతో పంపారు.

నేను ఊరుకోలేదు. "మా తమ్ముడి మూతి పగలగొట్టినవాడిని ఒళ్ళో పెట్టుకుంటారా? పోలీసు కేసు పెడతాను" అని గల్లీ అందరి ముందూ ఆయన మీద కేకలు వేశాను. ఆయన్ని అంత మాటన్నవాళ్ళు లేరు. కొడతారనే అనుకున్నాను. కొట్టనీ అనుకున్నాను.

"ఇరిగింది ముంగల, తప్పు ఎన్క" అన్నారు. "పో బిడ్డా, కేస్ రాయి. నేనే సాక్ష్యం జెప్త. వాని చెయ్యి నేనే ఇరిసిన్నని నా పేరు సుత రాయి."

కేసు వద్దన్నది తమ్ముడే. వాచిన మూతితో, "వొద్దక్కా. ముల్లెందుకు అక్కడ ఆగింది? అది చూడు ముందు" అన్నాడు. వాడు అడిగింది సబబుగానే ఉంది.

మర్నాడు వంగిన రేకు పక్కన కూర్చుని ప్రోగ్రాం ఉన్న బోర్డు తెరిచాను. చివరి గుద్దు ఎంత బలంగా పడిందో అందులో అలాగే ఉంది. ఆ అంకె చూసి మళ్ళీ చూశాను. ఏనుగును దాటి పోయింది. చుట్టు పూర్తిచేసి, ఇంకో చుట్టులోకి అడుగుపెట్టింది. నా వాక్యం తన పని తాను బుద్ధిగా చేసింది. ఒక చుట్టు కొట్టేసి, మిగిలిన చిన్న ముక్కను ముల్లుకు ఇచ్చింది. ఆ చిన్న ముక్క పేరు చీమ.

అప్పుడు అర్థమైంది మా కొలత ఎక్కడ తప్పిందో. ఆ తాలీంఖానాలో ఉస్తాద్ ఎదుట ఎవడూ పూర్తి బలంతో గుద్దడు. గుద్దకూడదని ఎవరూ నేర్పరు. కాళ్ళకు దండం పెట్టి లేచేసరికి చెయ్యి దానంతట అదే కాస్త తగ్గుతుంది. అది వాళ్ళకు ఊపిరి తీసినంత మామూలు కాబట్టి ఎవరూ మాకు చెప్పలేదు. ఆ రోజు యాదగిరి దండం పెట్టకుండా గుద్దాడు.

ఉస్తాద్‌కు చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పకపోతే వాడు చీమగానే మిగిలిపోతాడు. కిందికి వెళ్ళి చెప్పాను.

"మల్ల జెప్పు" అన్నారు.

"ఏనుగు దాటి మళ్ళీ మొదటికొచ్చిందండీ. ముల్లు చుట్లు లెక్కపెట్టదు. అందుకని చీమ దగ్గర ఆగినట్టు కనపడింది."

"అంటె? నన్ను దాటిండా?"

"దాటాడు."

ఆయన లేచి గోడ దగ్గరికి వెళ్ళి, కుడి పిడికిలితో గోడను గుద్దారు. మళ్ళీ గుద్దారు. సున్నం రాలింది, వేలి కణుపులు చితికాయి, గోడ మీద ఎర్రగా అంటింది. నేను చెయ్యి పట్టుకుంటే తోసేశారు. "నన్ను దాటినోన్ని ఒక్కన్ని జేసిన. బతుకంత జేస్తె ఒక్కడు. వాని చెయ్యే ఇరగ్గొట్టిన" అంటూ గుద్దారు. ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడొక్కసారే. ఆ ఏడుపు కూడా కొట్లాటలాగే ఉంది. నాకు ఆయనంటే భయం ఉండేది, కోపం ఉండేది. ఆ రోజు నుంచి ఆ రెండిటి కంటే ప్రేమ ఎక్కువైంది.

అక్కడి నుంచి ఆ ఇంట్లో అందరికీ ఒకటే బెంగ, యాదగిరి చెయ్యి మళ్ళీ పనికొస్తుందా అని. వాడిని తాలీంఖానాలోనే ఉంచారు. పిండికట్టు విప్పాక చూస్తే చెయ్యి సన్నబడిపోయింది. వేళ్ళు ముడుచుకోవు. గ్లాసు పట్టుకుంటే జారిపడేది. ఎముక అతికింది గానీ పట్టు ఎంత వరకు తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు డాక్టరు. ఉస్తాద్ పొద్దునా సాయంత్రం నూనె రాసి, ఒక్కో వేలునూ మడిచి, విప్పి, మడిచేవారు. నొప్పికి వాడు పళ్ళు కొరుక్కునేవాడు. "ముడువుర! నీ అయ్య సొమ్మా అది? ముడువు!" అని తిడుతూనే మడిచేవారు. కట్టు కట్టించుకోవడానికి వచ్చిన జనం బయట కూర్చుని ఎదురుచూసేవారు. యాదగిరి మా తమ్ముడి మొహం చూడలేక తల దించుకుని తిరిగేవాడు. చాలా రోజుల తర్వాత తమ్ముడే మెట్ల దగ్గర ఆపి, "ఏటన్నా, నా పన్నెక్కడ పెట్టినావు? దొరికితే ఇచ్చీ" అన్నాడు. యాదగిరి వాడిని కావలించుకుని ఏడ్చాడు. నేను మాత్రం అంత తొందరగా కరగలేదు. ఇప్పటికీ పూర్తిగా కరిగానో లేదో తెలియదు.

మిషన్ బాగుచేశాం. ఏనుగు దగ్గరికి రాగానే ముల్లు ఆగిపోయేట్టు రాస్తానన్నాను. ఎంత గట్టిగా గుద్దినా అక్కడే నిలబడుతుంది, గొడవ వదులుతుంది. ఉస్తాద్ ఎగిరిపడ్డారు.

"నా దగ్గర ఆపకు! నా దగ్గర ఎందుకాపుతవ్? ఎంత పోతె గంత పోనియ్."

సరే, గుద్దినప్పుడు ముల్లు ఎప్పుడూ ముందుకే నడిచేట్టు, చుట్లు లెక్కపెట్టేట్టు మార్చాను. చుట్టు దాటిన అంకెలోంచి కొట్టేసిన చుట్టును పారేయకుండా పక్కన గుర్తుపెట్టుకోమన్నాను. ముందు ఆ చుట్టంతా తిరిగి, ఆ తర్వాతే మిగిలిన ముక్క దగ్గరికి వెళ్ళమన్నాను. చుట్టు దాటినట్టు తెలియడానికి తమ్ముడు డయల్ మీద ఎర్ర బల్బు పెట్టాడు. చాలా కాలం ఆ బల్బు వెలగలేదు.

పోయిన చలికాలంలో ఒక ఆదివారం పొద్దున ఉస్తాద్ గల్లీ గల్లీనంతా కేకేసి పిలిచారు. మిషన్ తెచ్చి తాలీంఖానా ముందు పెట్టించారు. యాదగిరిని ముందుకు తోశారు. వాడు ఆయన కాళ్ళకు దండం పెట్టి, లేచి, గుద్దాడు. ముల్లు సర్రున తిరిగింది. మేక, ఎద్దు, పులి దాటి, ఏనుగు తొండం దాటి, తోక దగ్గర, ఇంకొంచెం ఉందనగా ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. నాకు గుండె తేలికైంది, చెయ్యి బతికింది అనుకున్నాను.

ఉస్తాద్ యాదగిరి చెంప మీద కొట్టారు. వాడు రెండడుగులు వెనక్కి పోయాడు.

"నాకు భిక్షమేస్తున్నవారా?"

"లేదు ఉస్తాద్..."

"అబద్ధం! తోక కాడ ఆపనీకె ఎంత తక్లీఫ్ పడ్డవో నేను జూసిన." తర్వాత ఆయన మిగతా శిష్యుల వైపు తిరిగారు. "మీరు సుత అందరు గిట్లనే గుద్దుతున్నరా?" ఒక్కొక్కడే తల దించుకున్నాడు. ఆ తలలన్నీ ఆయన చూస్తూ నిలబడ్డారు. అన్నేళ్ళుగా తాను ఏనుగు ఎలా అయ్యారో అప్పుడే తెలిసినట్టుంది. ఇంక ఈయన మిషన్‌ను ముక్కలు చేస్తారని మా తమ్ముడు దానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన వాడిని పక్కకు జరిపి, యాదగిరి ముందుకొచ్చి, రెండు చేతులతో వాడి మెడ పట్టుకున్నారు.

"దండం పెట్టకు. నా మొకం జూడకు. పోయినసారి నా మీద కోపంతోని గుద్దినవ్ గద, ఇప్పుడు సుత గట్లనే గుద్దు. నా మీద ఒట్టు."

యాదగిరి కళ్ళు మూసుకున్నాడు. తెరిచాక ఎవరినీ చూడలేదు. భుజం వెనక్కి పోయింది, పిడికిలి వచ్చింది. మెత్త పగిలిన చప్పుడు ఎదురింటి గోడకు కొట్టుకుని తిరిగొచ్చింది. ముల్లు మేకనూ పులినీ కనపడనీయకుండా తిరిగింది. ఏనుగు దాటింది, చీమ దాటింది, ఎలుకను కూడా దాటింది. ఎర్ర బల్బు వెలిగింది. గల్లీ అంతా ఒక్క గొంతుతో అరిచింది. తమ్ముడు గెంతుతున్నాడు. "ఉస్తాద్! ఇటు చూడండి ఉస్తాద్! చుట్టు దాటీసింది, ఇటు చూడండి!"

ఉస్తాద్ డయల్ వైపు తిరగనే లేదు. పిడికిలి మెత్త మీద పడిన మరుక్షణమే యాదగిరి చెయ్యి లాక్కున్నారు. దాని మీదికి వంగి, గోడ గుద్దిన మచ్చలు ఇంకా ఉన్న తన చేతి బొటనవేలితో మణికట్టు నుంచి మోచేతి దాకా ఎముకను నెమ్మదిగా తడుముతూ పోయారు. అతికిన చోట గట్టిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. అక్కడ ఆగి, ఒత్తి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ మొదటి నుంచి తడిమారు.